సపోర్ట్ గ్రూపులో స్నేహితురాలు పోతే: దుఃఖం ఒకటి, భయం ఇంకొకటి

రొమ్ము క్యాన్సర్ సపోర్ట్ గ్రూపులో ఒకరు పోయారన్న కబురు రాగానే చాలామందికి కన్నీళ్లకన్నా ముందు చెయ్యి కదులుతుంది. దానంతటదే చంకలోకో, ఆపరేషన్ మచ్చ మీదకో వెళ్లి తడుముతుంది. ఆ వెంటనే సిగ్గేస్తుంది: మనిషి పోయిందని తెలిసిన నిమిషంలో నా ఒంటి గురించి ఆలోచించుకున్నానేమిటని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మామూలు స్నేహంలో చనిపోయినవారి జబ్బు చనిపోయినవారిదే. ఇక్కడ బతికున్నవారిదీ అదే జబ్బు. అదే మాత్రల డబ్బా ఇంట్లో ఉంటుంది, అదే స్కాన్ వచ్చే నెలలో ఉంటుంది. అందుకే ఈ దుఃఖం భయంతో కలగలిసి వస్తుంది.

రెంటినీ ఒకే ముద్దగా మోస్తే ఏదీ తగ్గదు. దుఃఖానికి తోడు కావాలి. ఆవిడ గురించి మాట్లాడేవాళ్లు, వినేవాళ్లు ఉండాలి. భయానికి సమాచారం కావాలి. డాక్టరు మాట, రిపోర్టు, తర్వాతి చెకప్ తేదీ కావాలి. గ్రూపుల్లో తరచూ ఇది తారుమారవుతుంది. ఏడుస్తున్న మనిషికి ‘ఆవిడది ట్రిపుల్ నెగెటివ్ కదా, నీది కాదుగా’ అని, అంటే జబ్బు రకమే వేరని చెబుతారు. మూడు వారాలుగా వెన్ను నొప్పి పడుతున్న మనిషికి ‘ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండు’ అంటారు. మొదటావిడకు తన బాధను పక్కన పెట్టేశారనిపిస్తుంది. రెండో ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లడం ఇంకో నెల ఆలస్యమవుతుంది.

విడదీసుకోవడానికి ఒక ప్రశ్న పనికొస్తుంది. ఆవిడ ఈ జబ్బుతో కాకుండా ఏ రోడ్డు ప్రమాదంలోనో పోయి ఉంటే, ఇప్పుడు లోపల ఉన్నదాంట్లో ఏది మిగిలేది? ఆవిడ గొంతు ఇక వినపడదన్న బాధ, చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట, కడసారి చూపు దక్కలేదన్న వెలితి మిగులుతాయి. అది దుఃఖం. ‘తర్వాత నేనేనా?’ అన్నది, ‘నా మందు పనిచేస్తోందా?’ అన్నది, నిన్నటిదాకా పట్టించుకోని నడుము నొప్పి ఈ రోజు పెద్దదిగా కనిపించడం ఆ ప్రశ్నతో రాలిపోతాయి. అవి భయం తాలూకువి. ఒక కాగితాన్ని రెండు భాగాలు చేసి రెంటినీ విడివిడిగా రాసుకుంటే, ఎవరితో ఏది మాట్లాడాలో తేలిపోతుంది.

బయటివాళ్లకు కనిపించని బంధం

దుఃఖం మీద పరిశోధన చేసిన, అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా 1989లో, చుట్టూ ఉన్న సమాజం గుర్తించని దుఃఖం గురించి వివరంగా రాశారు. దుఃఖించే హక్కు ఎవరికి ఉంది, ఎంతకాలం ఉంది అన్నదానికి ప్రతి సమాజంలోనూ కొన్ని లెక్కలుంటాయని, ఆ లెక్కలోకి రాని బంధాలు తెగినప్పుడు మనిషి ఒంటరిగా ఏడవాల్సి వస్తుందని ఆయన వాదన. సపోర్ట్ గ్రూపు స్నేహం అచ్చంగా ఆ కోవలోది. రక్తసంబంధం లేదు. ఆఫీసులో సెలవు ఇవ్వరు, పరామర్శకు ఎవరూ రారు. ఇంట్లోవాళ్లు ‘ఎవరావిడ? నువ్వెప్పుడైనా చూశావా?’ అని అడుగుతారు. ఫోన్లోనే పరిచయమైన మనిషయితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మరీ కష్టం.

నిజానికి ఆ పరిచయం లోతు మామూలు స్నేహాలకు ఉండదు. ఆపరేషన్ తర్వాత డ్రెయిన్ గొట్టంలో ఈ రోజు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, జుట్టు మొదటిసారి గుప్పెడుగా చేతిలోకి వచ్చిన రోజు ఏం చేసింది, భర్త ముందు బట్టలు మార్చుకోవడం ఎప్పటినుంచి మానేసింది, పిల్లలకు ఏం రాసిపెట్టాలనుకుంటోంది. ఇవి కట్టుకున్నవాడికీ కన్నతల్లికీ చెప్పని సంగతులు. భయపెడతామేమోనని ఇంట్లో దాచినవన్నీ గ్రూపులోనే చెప్పుకుంటారు.

ఈ స్నేహానికి ఒక వేళ కూడా ఉంటుంది. కీమోతోపాటు వాంతులు, అలర్జీ రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ మందులు నిద్ర పట్టనివ్వవు. టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడేవాళ్లకు అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిర్లు వచ్చి మెలకువ వస్తుంది. ఇల్లంతా నిద్రపోతున్న ఆ రెండు మూడు గంటల వేళ మేలుకుని ఉండేది గ్రూపులో ఉన్నవాళ్లే. అందుకే ఆవిడ పోయాక లోటు పగలు అంతగా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, అలవాటుగా ఫోన్ అందుకున్నప్పుడు తెలుస్తుంది. ఆ వేళకు ముందే ఒక ఏర్పాటు చేసుకోవడం మంచిది: మేలుకుని ఉండే ఇంకొకరితో ‘ఈ నెలంతా ఆ టైములో నీకు మెసేజ్ పెడతాను’ అని ముందే మాట్లాడుకోవాలి. అది కుదరకపోతే ఫోన్ వేరే గదిలో పెట్టి, దిండు పక్కన ఒక నోటుబుక్కు ఉంచుకోవచ్చు. ఆవిడకు పంపాలనుకున్న మాటను అందులో రాయాలి.

ఆవిడ మౌనంగా మారినప్పుడు

దుఃఖం మరణంతో మొదలవదు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి మూడు రోజులకోసారి ఒక్క మాట రాయడం మొదలుపెట్టినప్పుడే మిగిలినవాళ్లకు అర్థమవుతుంది. స్టేజ్ 4 అంటే జబ్బు రొమ్మునూ దగ్గరి లింఫు గ్రంథులనూ దాటి ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో, మెదడుకో పాకడం. కొత్త మందులతో చాలామంది ఏళ్ల తరబడి బతుకుతున్నారు. అయినా ఒక మందు పనిచేయడం మానేసి ఇంకోటి, అదీ మానేసి మరోటి అని మార్చుకుంటూ వెళ్తూ, ఒక దశలో డాక్టరు చికిత్స ఆపి నొప్పి తగ్గించడం మీద దృష్టి పెడదామంటారు. ఆ మాట చెప్పాక గ్రూపులో రెండు రకాలుగా తప్పటడుగు పడుతుంది. కొందరు ఏం మాట్లాడాలో తెలియక మాయమవుతారు. ఇంకొందరు ‘ఫలానా కషాయం తాగు, ఫలానా చోటికి వెళ్లు’ అని మొదలుపెడతారు. రెండోది ఎక్కువ గాయపరుస్తుంది. ఇన్నాళ్లూ చేయాల్సిందంతా చేసిన మనిషిని, ఇంకా ఏదో చేయలేదన్నట్టు నిలబెడుతుంది.

పనికొచ్చేది చిన్న మెసేజ్. జవాబు అడగని మెసేజ్. ‘ఎలా ఉన్నావు?’ అన్న ప్రశ్నకు జవాబు రాయడానికి కూడా ఓపిక కావాలి, అది ఆ దశలో ఉండదు. దాని బదులు ఇలా ఉండొచ్చు: ‘ఈ రోజు నువ్వు గుర్తొచ్చావు. నువ్వు చెప్పినట్టే పోర్ట్ ఉన్న వైపు సీటు బెల్టు కింద చిన్న మెత్త పెట్టుకున్నా, ఒరుసుకోలేదు. జవాబు రాయొద్దు, చదివితే చాలు.’ పోర్ట్ అంటే కీమో ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చే చిన్న పరికరం. ఈ మెసేజ్‌లో ఆవిడ నేర్పినది ఇంకొకరి దగ్గర పనిచేస్తోందన్న కబురుంది. పోతున్న మనిషికి అంతకన్నా ఇవ్వగలిగింది తక్కువే.

జబ్బు మెదడుకు పాకినప్పుడు, కాలేయం దెబ్బతిన్నప్పుడు, ఎముకల నుంచి రక్తంలోకి కాల్షియం ఎక్కువగా చేరినప్పుడు మగత, తికమక వస్తాయి. అప్పుడు ఆవిడ రాసే మాటలు పొంతన లేకుండా, కొన్నిసార్లు విసురుగా ఉండొచ్చు. దాన్ని కోపమనుకుని దూరం జరిగినవాళ్లు తర్వాత చాలాకాలం బాధపడతారు. ఆ మెసేజ్‌లను జబ్బు ఖాతాలో వేసి, మళ్లీ మామూలుగానే రెండు ముక్కలు పంపడం సరిపోతుంది. అకస్మాత్తుగా తికమక మొదలైతే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పాలి. వీటిలో కొన్నిటిని చికిత్సతో కొంతైనా తగ్గించవచ్చు, ముఖ్యంగా కాల్షియం పెరగడాన్ని.

గ్రూపు నడిపేవాళ్లు మాత్రం ఈ దశదాకా ఆగకూడదు. సభ్యులు చేరిన రోజే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు సంగతులు తీసుకుని గోప్యంగా ఉంచాలి: అవసరమైతే సంప్రదించాల్సిన ఒక మనిషి పేరు, నంబరు, తన ఆరోగ్యం విషమిస్తే గ్రూపుకు ఎంతవరకు చెప్పొచ్చన్నది, తను రాసినవి, పంచుకున్న ఫొటోలు తర్వాత ఏం చేయాలన్నది. కొత్తగా చేరినవాళ్లను భయపెట్టకుండా అందరికీ ఒకే ఫారంలో అడిగితే, అది చందా వివరాల్లాగే మామూలు సంగతిగా సాగిపోతుంది. ఈ పని చేయని గ్రూపుల్లో సభ్యురాలు రెండు నెలలు కనపడకపోతే బతికుందో లేదో తెలుసుకునే దారే ఉండదు. ఏ కబురూ లేని ఆ ఎదురుచూపు చావు కబురుకన్నా ఎక్కువ కాలం నలిపేస్తుంది.

కబురు ఎలా చెప్పాలి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఎవరో ఒకరు విన్న వెంటనే గ్రూపులో పెట్టేస్తారు. ఆ సమయానికి ఒకావిడ కీమో కుర్చీలో సెలైన్ ఎక్కించుకుంటూ ఫోన్ చూస్తుంటుంది. ఇంకొకావిడ స్కాన్ రిపోర్టు కోసం బయట కూర్చుని ఉంటుంది. చనిపోయినావిడ తోబుట్టువులకే ఇంకా తెలిసి ఉండకపోవచ్చు.

మొదట కుటుంబంతో మాట్లాడి కబురు నిజమేనని రూఢి చేసుకోవాలి. గ్రూపులో చెప్పడానికి అనుమతి, ఎంతవరకు చెప్పొచ్చన్నది అడగాలి. ఆ తర్వాత గ్రూపు కన్నా ముందు విడిగా ఫోన్ చేయాల్సినవాళ్లు కొందరుంటారు: ఆవిడకు బాగా దగ్గరివాళ్లు, స్టేజ్ 4లో ఉన్న మిగతా సభ్యులు, ఆ వారంలో ఆపరేషనో కీమోనో స్కానో ఉన్నవాళ్లు. పెద్ద గ్రూపులో కూడా ఈ జాబితా పది పన్నెండు మందిని దాటదు, ఇద్దరు పంచుకుంటే ఒక పూటలో అయిపోతుంది. గ్రూపులో పెట్టే మెసేజ్ సాయంత్రం పెట్టడం మేలు, మరీ రాత్రి వద్దు. పెట్టాక కనీసం రెండు మూడు గంటలు నడిపేవాళ్లలో ఒకరు ఫోన్ దగ్గరే ఉండాలి.

మెసేజ్ సూటిగా ఉండాలి. ఒక నమూనా:

‘అందరికీ ఒక బాధాకరమైన వార్త. మనందరికీ ఆప్తురాలైన ఫలానా గారు నిన్న సాయంత్రం కన్నుమూశారు. వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పారు, గ్రూపుకు తెలియజేయమన్నారు. చికిత్స వివరాలు, చివరి రోజుల వివరాలు అడగవద్దని కోరారు. దయచేసి వాళ్లకు నేరుగా ఫోన్లు చేయకండి. మీరు చెప్పాలనుకున్నది ఆదివారం దాకా ఇక్కడ రాయండి, అన్నీ కలిపి వాళ్లకు అందజేస్తాం. ఈ రోజు మాట్లాడాలనిపిస్తే మా ఇద్దరిలో ఎవరికైనా రాత్రి 10 గంటల వరకు ఫోన్ చేయొచ్చు.’

ఇందులో ‘క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు’ లాంటి మాట లేదు. పోరాటం అన్న పోలికను చికిత్స నడుస్తున్నంతకాలం కొందరు ఇష్టంగానే వాడుకుంటారు, అది వాళ్ల హక్కు. కానీ మరణవార్తలో ఆ మాట వస్తే చనిపోయినావిడ సరిగా పోరాడలేదన్న అర్థం మిగిలిపోతుంది. స్టేజ్ 4లో ఉన్న సభ్యురాలు దాన్ని తన గురించి ముందే రాసిన వాక్యంలా చదువుతుంది.

సంతాపం రాసుకోవడానికి గడువు పెట్టడం వెనక కూడా కారణముంది. గడువు లేకపోతే రోజుల తరబడి గ్రూపంతా చావు కబురుతోనే నిండి ఉంటుంది. నిన్ననే బయాప్సీ రిపోర్టు అందుకుని ప్రశ్నతో వచ్చిన కొత్త మనిషికి అడగడానికి నోరు రాదు. నాలుగైదు రోజులు అన్నీ అక్కడే రాయనిచ్చి, తర్వాత వాటిని ఒకచోట భద్రపరిచి, మామూలు ప్రశ్నలకు దారి తెరవాలి. ఆవిడను మరిచిపోయినట్టు అవుతుందేమోనన్న బెంగతో చాలామంది నిర్వాహకులు ఈ పని చేయరు. ఆవిడ ఆ గ్రూపులో ఉన్నన్నాళ్లూ కొత్తవాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పిన మనిషే కదా.

‘ఏ స్టేజ్? ఏ మందు?’

కబురు తెలిసిన గంటలోపే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. అడిగేవాళ్లది కుతూహలం కాదు. ఆవిడకూ తనకూ మధ్య ఒక తేడా దొరికితే ఊపిరి పీల్చుకోవచ్చన్న ఆశ. ఆ ఆశను తప్పుపట్టకూడదు, కానీ ఆ దారిలో జవాబు దొరకదు.

రొమ్ము క్యాన్సర్ ఒకే జబ్బు కాదు. క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు ఉన్నాయా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది, కణితి పరిమాణమెంత, కణాలు ఎంత మారిపోయాయో చెప్పే గ్రేడ్ ఎంత అన్నదాన్నిబట్టి దారి మారిపోతుంది. ఆ రెండు రిసెప్టర్లూ లేక, హెర్2 కూడా ఎక్కువగా లేని ట్రిపుల్ నెగెటివ్ రకం తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడు నుంచి ఐదేళ్లలో తిరగబెడుతుంది, తర్వాత ముప్పు బాగా తగ్గుతుంది. హార్మోన్ రిసెప్టర్లున్న రకం మెల్లగా, ఆలస్యంగా కూడా తిరిగి రావచ్చు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక విశ్లేషణలో ఈ రకం ఉన్న 62,923 మంది మహిళల వివరాలు చూశారు. వాళ్లంతా 5 ఏళ్లు హార్మోన్ మాత్రలు వాడి, అప్పటిదాకా జబ్బు లేకుండా ఉన్నవాళ్లు. ఆ తర్వాతి 15 ఏళ్లలో జబ్బు వేరే అవయవాల్లో తిరిగి కనిపించే ముప్పు, కణితి చిన్నదై గ్రంథులకు పాకనివాళ్లలో 13 శాతం. కణితి పెద్దదై 4 నుంచి 9 గ్రంథులకు పాకినవాళ్లలో 41 శాతం. ఒకే రిసెప్టరు ఉన్నవాళ్లలోనే ఇంత తేడా. పైగా వాళ్లలో చాలామంది కొన్ని దశాబ్దాల కిందటి చికిత్స పొందినవాళ్లు, ఇప్పటి మందులు అప్పుడు లేవు. ‘మా ఇద్దరిదీ స్టేజ్ 2, ఇద్దరిదీ ఒకే మందు’ అన్న పోలిక అందుకే నిలబడదు. పోలికతో తెచ్చుకున్న ధైర్యమూ నిలబడదు, తెచ్చుకున్న భయమూ నిలబడదు.

ఈ ప్రశ్నలకు గ్రూపులో ఒకే జవాబు ఉండాలి: ఆవిడ చికిత్స వివరాలు ఆవిడవి, ఇక్కడ చర్చించం, మీ సందేహాన్ని మీ రిపోర్టు పట్టుకుని మీ డాక్టరును అడగండి, అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవడానికి సాయం చేస్తాం.

ఇంకో మాట కూడా వినపడుతుంది, మెల్లగా: ‘ఆవిడ చివర్లో పాజిటివ్‌గా ఉండటం మానేసింది.’ దీన్ని అక్కడే ఆపాలి. 1989లో అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. స్టేజ్ 4 రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మందిలో, వారానికోసారి 90 నిమిషాలు గ్రూపులో కలిసినవాళ్లు మిగతావారికన్నా ఎక్కువ కాలం బతికారని తేలింది. అప్పట్లో అది పెద్ద ఆశ రేపింది. తర్వాత కెనడాలో 235 మందితో చేసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఆయుష్షులో తేడా కనిపించలేదు. స్పీగెల్ బృందమే మళ్లీ చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ మొత్తమ్మీద ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. అయితే కెనడా అధ్యయనంలో గ్రూపుకు వచ్చినవాళ్లకు మనోవేదన, నొప్పి తగ్గాయి, ముఖ్యంగా మొదట్లో ఎక్కువ కుంగిపోయినవాళ్లకు. గ్రూపు వల్ల మనిషికి దక్కేది అది, అది చిన్నదేమీ కాదు. మనోధైర్యం చాలక ఆవిడ పోయిందనడానికి మాత్రం ఆధారం లేదు.

ఒంట్లో కనిపించేది ఏది?

దుఃఖం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఛాతీ పట్టేసినట్టుంటుంది, కాళ్లు లాగుతాయి. ఇవే లక్షణాలు క్యాన్సర్ తిరగబెట్టినప్పుడూ ఉంటాయి, హార్మోన్ మాత్రల వల్లా వస్తాయి. లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ వాడేవాళ్లలో చాలామందికి కీళ్ల నొప్పులుంటాయి. అవి సాధారణంగా రెండు వైపులా, చేతివేళ్లలో, మోకాళ్లలో ఉంటాయి, పొద్దున్నే బిగుసుకుని కాస్త కదిలితే సడలుతాయి. ఎముకకు పాకిన నొప్పి తరచూ ఒకేచోట ఉండి, రోజురోజుకూ పెరుగుతూ, రాత్రిపూట పడుకున్నా తగ్గదు. ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి ఇది చాలదు, డాక్టరుకు సరిగా చెప్పడానికి చాలు.

కొత్తగా మొదలైన నొప్పో, దగ్గో, ఆయాసమో రెండు వారాలైనా తగ్గకపోతే చూపించుకోవాలి. ఈలోపు రోజూ ఒక లైను రాసుకోవాలి: ఎక్కడ, 10కి ఎంత, ఏ వేళ ఎక్కువ, ఏ మందుకు తగ్గింది. మరణం తర్వాతి వారాల్లో ఈ నోటు బాగా పనికొస్తుంది, భయంతో పుట్టిన నొప్పి చాలాసార్లు చోటు మారుతూ ఆ కాగితం మీదే పలచబడుతుంది. కొన్నిటికి రెండు వారాలు ఆగకూడదు. నడుము నొప్పితోపాటు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం మీదో విరేచనం మీదో అదుపు తప్పినా వెన్నుపాము నొక్కుకుపోతోందని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మూర్ఛ వచ్చినా, వాంతులతో తలనొప్పి పెరుగుతున్నా, కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా అంతే.

స్నేహితురాలు పోయాక మనుషులు రెండు వైపులకు జారతారు. కొందరు ఏ లక్షణమూ లేకపోయినా వెంటనే ఒళ్లంతా స్కాన్ చేయించమంటారు. లక్షణాలు లేనివాళ్లకు మామూలుగా స్కాన్లు, క్యాన్సర్ ఆనవాళ్లు వెతికే ట్యూమర్ మార్కర్ రక్తపరీక్షలు చేయించినందువల్ల ఆయుష్షు పెరగదని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ మార్గదర్శకాలు వాటిని వద్దంటాయి. అవి చెప్పేది ఇది: మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి డాక్టరు పరీక్ష, ఏటా మామోగ్రామ్. ఇంకొందరు దీనికి విరుద్ధంగా వచ్చే నెల మామోగ్రామ్ తేదీని కూడా వాయిదా వేస్తారు, ‘ఆవిడ అన్నీ చేయించుకుంది, ఏమైంది?’ అని మాత్రలు మానేస్తారు. రెండో రకంవాళ్లు గట్టిగా ఏడవరు, గ్రూపులో ఏమీ రాయరు. వాళ్ల మీదే ఎక్కువ కన్నుండాలి. ఆ నెలలో ‘మాత్రలు వేసుకుంటున్నావా, తర్వాతి తేదీ ఎప్పుడు?’ అని విడిగా అడగడం దగ్గరివాళ్లు చేయగలిగిన గట్టి సాయం.

దిగులు ఎక్కువై డాక్టరు మందు రాస్తే, టామాక్సిఫెన్ వాడుతున్న సంగతి తప్పక చెప్పాలి. పారోక్సెటిన్, ఫ్లూవోక్సెటిన్, బుప్రోపియాన్ లాంటివి కాలేయంలోని సివైపీ2డీ6 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. ఆ ఎంజైమే టామాక్సిఫెన్‌ను అసలు పనిచేసే రూపానికి మారుస్తుంది. వెన్లాఫాక్సిన్ లాంటి మందులతో ఈ ఇబ్బంది తక్కువ. క్యాన్సర్ డాక్టరు ఒకచోట, దిగులుకు మందు రాసే డాక్టరు ఇంకోచోట ఉన్నప్పుడు ఈ సంగతి జారిపోవడం మామూలే. మందుల చీటీ రెండు చోట్లా చూపించాలి.

మొదటి మీటింగ్

మరణం తర్వాత జరిగే మొదటి మీటింగ్‌ను వాయిదా వేయకూడదు. వాయిదా వేస్తే ఈ విషయం మాట్లాడరానిదన్న సంకేతం వెళ్తుంది. మొదలవగానే సంగతి చెప్పాలి, ఒక నిమిషం మౌనం పాటించాలి, తర్వాత 20 నుంచి 30 నిమిషాలు ఆవిడ గురించి మాట్లాడుకోవచ్చు. ఆవిడ మరణం గురించే కాక ఆవిడ గురించి మాట్లాడాలన్నది గుర్తుంచుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి: ఎవరిని ఎలా ఏడిపించేది, ఏ చిట్కా నేర్పింది, దేనికి కోప్పడేది. నవ్వు వస్తే నవ్వనివ్వాలి. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లను వంతు వచ్చిందని బలవంతపెట్టకూడదు. బయటికి వెళ్లాలనిపిస్తే వెళ్లొచ్చని ముందే చెప్పి, వెళ్లినవాళ్ల వెంట ఒకరు వెళ్లేలా చూసుకోవాలి. ఆ తర్వాత మామూలు చర్చకు రావాలి, అది చేతి వాపు గురించో, బ్రా ప్యాడ్ గురించో అయినా సరే.

స్టేజ్ 4 సభ్యులున్న గ్రూపులో ఇంకో జాగ్రత్త కావాలి. మిగతావాళ్లు తెలియకుండానే వాళ్లవైపు చూడటం మొదలుపెడతారు, లేదా వాళ్ల ముందు మాట మార్చేస్తారు. రెండూ వాళ్లకు తెలుస్తాయి. మీటింగ్‌కు ముందు వాళ్లను విడిగా అడగాలి: ‘ఈ రోజు ఆవిడ గురించి మాట్లాడతాం. మీకెలా కావాలి?’ కొందరు తమ చావు గురించే తెరిచి మాట్లాడాలనుకుంటారు, గ్రూపు భయపడి వాళ్ల నోరు మూయకూడదు. స్పీగెల్ పద్ధతిలో మరణం గురించి బాహాటంగా మాట్లాడుకోవడం ఒక ముఖ్యమైన భాగం. కొత్తగా జబ్బు తేలినవాళ్లతో అదే మీటింగ్‌లో ఆ చర్చ కుదరకపోతే, స్టేజ్ 4 వాళ్లకు వేరే మీటింగ్ ఉండటం ఇద్దరికీ మంచిది. అది వెలి అనిపించకుండా ఉండాలంటే, వాళ్లు రెండింటికీ రావొచ్చన్న నియమం పెట్టాలి.

మరణం తర్వాత ఒకరిద్దరు గ్రూపు వదిలి వెళ్తారు. అడ్డుపడకూడదు. ఎప్పుడైనా తిరిగి రావొచ్చని ఒక్క మాట చెప్పి, నెల తర్వాత ఒకసారి పలకరిస్తే చాలు.

కుటుంబానికి ఏం రాయాలి

ఇంట్లోవాళ్లకు ఆవిడ చివరి నెలల్లో పేషెంటుగానే ఎక్కువ గుర్తుండిపోతుంది. గ్రూపులో ఆవిడ ఇంకొకరికి ధైర్యం చెప్పే మనిషి. ఆ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ‘ఆమె ఆత్మకు శాంతి కలగాలి’ అన్న వాక్యం వంద మంది రాస్తారు. దానికి బదులు గ్రూపు స్నేహితులు మాత్రమే రాయగలిగింది రాయాలి: ‘మా మొదటి కీమోకు ముందు రాత్రి భయంతో ఫోన్ చేస్తే మీ అమ్మగారు గంటసేపు మాట్లాడారు. సంచిలో ఏమేం పెట్టుకోవాలో ఒక్కొక్కటీ రాయించారు. సాక్సులు, మంచినీళ్ల సీసా, పొడవాటి ఛార్జరు వైరు, ముందు గుండీలున్న చొక్కా. ఆ జాబితానే మేం ఇప్పుడు కొత్తవాళ్లకు ఇస్తున్నాం.’ ఒక సంఘటన, ఆవిడ అన్న ఒక మాట, దాని వల్ల ఏమైందన్నది. పది పన్నెండు వాక్యాలు చాలు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. ఇంట్లో దాచుకుని గ్రూపులో చెప్పుకున్నవి, భర్త మీద కోపం, అత్తవారింటి గొడవ, చావు గురించిన భయం కుటుంబానికి చేరకూడదు. చాట్ మొత్తం తీసి పంపమని పిల్లలు అడిగితే, ఆవిడ ముందే అనుమతిస్తే తప్ప పంపకూడదు. అందులో ఇతరుల జబ్బు వివరాలూ ఉంటాయి. ఆవిడ రాసినవాటిలో పంచుకోదగ్గవి ఏరి ఇవ్వొచ్చు. ఫొటోలకూ అదే నియమం.

ఆవిడ నంబరును గ్రూపులోంచి వెంటనే తీసేయకపోవడం మంచిది. కానీ కుటుంబం అదే ఫోన్ వాడుతుంటే గ్రూపులో జరిగే మాటలన్నీ వాళ్లకు కనిపిస్తుంటాయన్నది మరవకూడదు. వాళ్లతో మాట్లాడి ఒక తేదీ అనుకుని, ముందురోజు గ్రూపులో చెప్పి తీసేయాలి. ఎవరూ తీయకపోయినా, వాట్సాప్‌లో సుమారు 120 రోజులు వాడకం లేని ఖాతా సాధారణంగా తొలగిపోతుంది. ఒక రోజు ఏ హెచ్చరికా లేకుండా ఆవిడ గ్రూపు వదిలి వెళ్లినట్టు ఒక చిన్న లైను కనిపిస్తుంది. మరణవార్తకు నిబ్బరంగా నిలబడినవాళ్లు కూడా ఆ లైను దగ్గర కుప్పకూలుతారు.

ఎంతకాలం?

దుఃఖానికి ఐదు దశలుంటాయని, అవి వరసగా వచ్చి పోతాయని చాలామంది నమ్ముతారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను వివరించింది మరణం అంచున ఉన్న రోగుల గురించి. వెనక మిగిలినవాళ్లకు వాటిని తర్వాత అంటగట్టారు. పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పిన నమూనా ఈ పరిస్థితికి ఎక్కువ అతుకుతుంది: మనిషి కొంతసేపు పోయినవారి వైపు, కొంతసేపు రోజువారీ పనుల వైపు, మళ్లీ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, ఆ ఊగడమే కోలుకునే తీరు. పొద్దున ఏడ్చి సాయంత్రం సినిమా చూసి నవ్వినందుకు తప్పు చేసినట్టు అనుకోనక్కర్లేదు. ‘నేనెందుకు మిగిలాను?’ అన్న అపరాధభావం స్కాన్ బాగుందని తెలిసిన రోజు మరీ ఎక్కువవుతుంది. ఆ రోజు మంచి కబురు గ్రూపులో చెప్పకుండా దాచేస్తారు. దాచకుండా చెప్పమని ప్రోత్సహించాలి, వినడానికి మిగతావాళ్లు ఎదురుచూస్తుంటారు.

ఎక్కువమందికి నెలలు గడిచేకొద్దీ పోటు పలచబడుతుంది. తేదీలకు మళ్లీ తిరగబెడుతుంది: ఆవిడ పుట్టినరోజు, ఇద్దరికీ కలిసి కీమో మొదలైన రోజు, రొమ్ము క్యాన్సర్ అవగాహన పేరిట గులాబి రిబ్బన్లతో నిండిపోయే అక్టోబరు నెల. అక్టోబరులో ‘జయించినవాళ్ల’ ఫొటోలే అన్నిచోట్లా కనిపిస్తే, జయించని స్నేహితురాలికి చోటెక్కడన్న కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. ఆ నెలలో ఆవిడ పేరు చెప్పుకోవడానికి గ్రూపు ఒక సాయంత్రం కేటాయించాలి.

ఎప్పటికీ తగ్గకుండా రోజులో ఎక్కువ భాగం అదే ఆలోచన, బతుక్కి అర్థం లేదన్న భావన, మనుషులకు దూరం కావడం కొనసాగితే అది విడిగా చికిత్స ఉన్న పరిస్థితి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతలను వర్గీకరించే 2022 నాటి గ్రంథంలో పెద్దవాళ్లకు మరణం జరిగి కనీసం 12 నెలలు దాటాక దీన్ని రుగ్మతగా గుర్తించమంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 6 నెలలంటుంది. సాయం అడగడానికి మాత్రం అన్ని నెలలు ఆగక్కర్లేదు. చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, చికిత్స మానేయాలనిపించినా ఆ వారమే డాక్టరుతో చెప్పాలి.

కొన్నేళ్లు నడిచిన గ్రూపులో మరణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. ఒకరి కోసం ఏడ్చి తేరుకునేలోపు ఇంకొకరు పోతారు, మూడో కబురుకు కన్నీళ్లు రావు, రాలేదని మళ్లీ బాధ. ఏటా ఒక రోజు అందరి పేర్లూ చదివే అలవాటు ఉంటే, అప్పుడు ఏడవలేనివాళ్లకు ఇప్పుడు ఏడవడానికి చోటు దొరుకుతుంది. అన్నిటికన్నా ఎక్కువ మోసేది గ్రూపు నడిపేవాళ్లు. వాళ్లలో చాలామంది కూడా పేషెంట్లే. కబురు చెప్పేది వాళ్లు, ఫోన్లు ఎత్తేది వాళ్లు, మీటింగ్‌లో ఏడవకుండా కూర్చునేది వాళ్లు. ఈ పని ఒక్కరి మీద పడకూడదు. కనీసం ఇద్దరుండాలి, కబురు చెప్పే బాధ్యత ప్రతిసారీ చేతులు మారాలి. మరణం జరిగిన వారంలోపు ఆ ఇద్దరూ గ్రూపుకు సంబంధం లేని ఒక కౌన్సిలరుతోనో, నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ నర్సుతోనో గంటసేపు కూర్చుని మాట్లాడాలి. తమ స్కాన్ ఉన్న నెలలో నిర్వహణ పని ఇంకొకరికి అప్పగించి పక్కకు తప్పుకోవచ్చన్నది గ్రూపు నియమాల్లో రాసి పెట్టుకోవాలి. రాసి లేకపోతే ఎవరూ తప్పుకోరు.